పుష్ ఎక్కడ ఆగిందో తెలిస్తేనే పెద్ద ఫైలు కదిలేది

పదెకరాల బత్తాయి తోటను డ్రోన్‌తో ఫొటోలు తీసి, వాటన్నిటినీ అతికించి ఒకే పటం చేస్తే ఆ ఫైలు ఎంత ఉంటుంది? నేల మీద రెండు సెంటీమీటర్లకు ఒక పిక్సెల్ చొప్పున లెక్క వేస్తే చదరపు మీటరుకు 2,500 పిక్సెళ్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరానికి కోటి పైచిలుకు. పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకుంటే ఎకరానికి 30 ఎంబీ, తోట మొత్తానికి 300 ఎంబీ. నారాయణపేట చీర అంచు డిజైన్‌ను ఏ3 కాగితం మీంచి 600 డీపీఐలో స్కాన్ చేసి కుదించకుండా దాచినా అంతే, ఒక్క కాగితమే 209 ఎంబీ అవుతుంది. నల్లగొండలో పంట తెగుళ్లను గుర్తించే ప్రాజెక్టు చేసే విద్యార్థికైనా, గద్వాల, నారాయణపేట డిజైన్లను కంప్యూటర్‌కెక్కించే వాళ్లకైనా ఇలాంటి ఫైళ్లు రోజువారీ సరుకే. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో వీటిని కోడ్‌తో పాటు పెట్టి పుష్ కొట్టినప్పుడే, అంటే సర్వర్‌కు ఎక్కించినప్పుడే, చిక్కు మొదలవుతుంది.

గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ అయితే 50 ఎంబీ దాటిన ఫైలుకు హెచ్చరిక ఇస్తుంది, 100 ఎంబీ దాటితే పుష్‌నే తిప్పి పంపుతుంది. బ్రౌజర్‌లోంచి ఎక్కిస్తే హద్దు ఇంకా తక్కువ, 25 ఎంబీ. ఫైళ్లన్నీ చిన్నవే అయినా ఒక్క పుష్‌లో మొత్తం 2 జీబీ మించకూడదు. తిప్పి పంపేటప్పుడు 'జీహెచ్001: లార్జ్ ఫైల్స్ డిటెక్టెడ్' అని ఫైలు పేరుతో సహా చెబుతుంది కాబట్టి అక్కడ గందరగోళం ఉండదు. అసలు తలనొప్పి వేరే వరుసతో వస్తుంది. గంటసేపు ఎక్కి, 'ద రిమోట్ ఎండ్ హంగ్ అప్ అనెక్స్‌పెక్టెడ్లీ' అని ఆగిపోతుంది. అవతలి వైపు లైన్ తెగిందన్న మాటే తప్ప ఎవరు తెంపారో, ఎందుకు తెంపారో అందులో ఉండదు. అది చూసి నెట్‌లో దొరికిన మొదటి కమాండ్‌ను అతికించేయడం దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు.

గొలుసుకట్టు చెరువులు తెలిసిన ఊళ్లలో ఈ సంగతి చెప్పడం తేలిక. కింది చెరువుకు నీళ్లు రాకపోతే లోపం దాని కట్టలోనే ఉందనుకోరు. పై చెరువు అలుగు పారుతోందా, మధ్య కాలువ పూడిందా అని పైనుంచి చూసుకుంటూ వస్తారు. గిట్ పుష్‌కు కూడా అలాంటి వరుస ఉంది. ముందు లాప్‌టాప్‌లో గిట్ ఆబ్జెక్టులన్నిటినీ, అంటే ఫైళ్లనూ వాటి చరిత్రనూ, ఒక ప్యాక్‌గా కడుతుంది. ఆ ప్యాక్ నెట్ లైన్ మీద నడుస్తుంది. సర్వర్ ముందు గుమ్మంలా నిలిచి రాకపోకలు చూసే ప్రాక్సీ ఉంటే దాని గుండా పోతుంది. చివరికి సర్వర్‌లోని గిట్ దాన్ని విప్పి, సరిచూసి, హుక్‌లు (సర్వర్‌లో పెట్టుకున్న తనిఖీ స్క్రిప్టులు) ఒప్పుకుంటేనే బ్రాంచ్‌ను, అంటే మార్పుల వరుసను, ముందుకు జరుపుతుంది.

తెర మీద ఏ వరుస దగ్గర ఆగిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. 'కంప్రెసింగ్ ఆబ్జెక్ట్స్' దగ్గర ఆగితే లోపం లాప్‌టాప్‌లో ఉంది. 'రైటింగ్ ఆబ్జెక్ట్స్' మధ్యలో తెగితే లైన్‌ను గానీ ప్రాక్సీని గానీ అనుమానించాలి. నూరు శాతం అయ్యాక నిమిషాల తరబడి మౌనంగా ఉండి తెగితే ప్రాక్సీ వెనకాల, సర్వర్ దగ్గర చూడాలి. 'రిమోట్:' అని మొదలయ్యే వరుసలు సర్వర్ స్వయంగా పలికే మాటలు, వాటిని తప్పకుండా చదవాలి. ఇంకా వివరం కావాలంటే గిట్_ట్రేస్, గిట్_కర్ల్_వెర్బోస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు 1 ఇచ్చి పుష్ నడపాలి. ఆ లాగ్‌ను ఇంకొకరికి పంపేముందు అందులో టోకెన్, పాస్‌వర్డ్ లాంటివి ఏమైనా మిగిలాయేమో చూసుకోవాలి. పాత గిట్ వెర్షన్లు వాటిని దాచవు.

లాప్‌టాప్‌లోనే ఆగితే

4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 'అవుటాఫ్ మెమరీ' అనో, 'ప్యాక్-ఆబ్జెక్ట్స్ డైడ్ ఆఫ్ సిగ్నల్ 9' అనో వస్తుంది. పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ తేడా వెతకడానికి గిట్ పెద్ద ఫైళ్లను మెమరీలోకి ఎక్కించుకోవడం దీనికి కారణం. 512 ఎంబీ దాటిన ఫైళ్లను మాత్రం తేడా వెతక్కుండా వదిలేస్తుంది. కోర్.బిగ్‌ఫైల్‌త్రెషోల్డ్ అనే సెట్టింగ్‌ను 50 ఎంబీకి దించితే ఆ దాటిన ఫైళ్లన్నిటినీ అలాగే వదిలేస్తుంది. ప్యాక్.థ్రెడ్స్‌ను 1 చేసి, ప్యాక్.విండోమెమరీకి 100 ఎంబీ హద్దు పెడితే చాలాసార్లు పని జరుగుతుంది. విండోస్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలును గిట్‌లో నేరుగా పెట్టాలని మాత్రం చూడొద్దు. అక్కడి గిట్ సైజు లెక్కకు చాలాచోట్ల 32 బిట్ల సంఖ్యనే వాడుతూ వచ్చింది కాబట్టి ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

లైన్ తెగితే

ఇంటి కనెక్షన్లలో చాలావాటికి డౌన్‌లోడ్ వేగం ఎక్కువ, అప్‌లోడ్ తక్కువ. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ అని చూపే అంకెనే ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఉంటే 1 జీబీ ఎక్కడానికి దాదాపు 27 నిమిషాలు, 2 ఎంబీపీఎస్ అయితే 67 నిమిషాలు. ఈలోపు కరెంటు పోయి రౌటర్ ఆగినా, మొబైల్ హాట్‌స్పాట్ సిగ్నల్ మారినా అంతా మొదటికి వస్తుంది. గిట్ పుష్‌కు ఆగినచోట నుంచి అందుకునే గుణం లేదు. 95 శాతం దగ్గర తెగినా మళ్లీ సున్నా నుంచే.

దీనికి మందు పుష్‌ను ముక్కలు చేయడం. ఎక్కాల్సిన కమిట్లు (ఒక్కో విడతగా దాచిన మార్పులు) నలభై ఉంటే నలభైనీ ఒకేసారి పంపనక్కర్లేదు. గిట్ లాగ్‌లో పాతవాటి నుంచి లెక్కిస్తే పదోదైన కమిట్ సంఖ్య (హాష్ అనే పొడవాటి గుర్తు) తీసుకుని, గిట్ పుష్ ఆరిజిన్ తర్వాత ఆ సంఖ్య, కోలన్, రెఫ్స్/హెడ్స్/మెయిన్ అని రాస్తే అక్కడి వరకే ఎక్కుతుంది. ఆ తర్వాత ఇరవయ్యోది, ముప్పయ్యోది. ఎక్కిన భాగం ఎక్కినట్టే సర్వర్‌లో ఉంటుంది కాబట్టి మధ్యలో తెగినా పోయేది ఆ ఒక్క విడతే. మొదటి కమిట్‌లోనే 3 జీబీ ఫైళ్లన్నీ కుక్కేసి ఉంటే ఈ ఉపాయం పారదు. అప్పుడు ఆ కమిట్‌ను విప్పి, ఫైళ్లను 200, 300 ఎంబీల జట్లుగా వేర్వేరు కమిట్లు చేసుకోవాలి.

'కర్ల్ 92 హెచ్‌టీటీపీ/2 స్ట్రీమ్' అన్న ఎర్రర్ వస్తే హెచ్‌టీటీపీ.వెర్షన్ సెట్టింగ్‌ను హెచ్‌టీటీపీ/1.1కు మార్చి చూడాలి. హెచ్‌టీటీపీకి బదులు ఎస్‌ఎస్‌హెచ్ అనే దారిలో సర్వర్‌కు కనెక్ట్ అయ్యేవాళ్లకు ప్యాక్ కట్టే సేపు లైన్ మీద ఏమీ నడవక కనెక్షన్ తెగుతుంటే, ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 60 అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

ప్రాక్సీ దగ్గర

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అలాంటి చోట్ల ఉండే చిన్న ఆఫీసులైనా, కాలేజీ ల్యాబులైనా గిటియా లాంటి గిట్ సర్వర్‌ను సొంతంగా నడుపుకుంటే దాని ముందు ఇంజిన్‌ఎక్స్‌ను ప్రాక్సీగా పెట్టడం మామూలు. ఎక్కువ పుష్‌లు ఆగేది ఈ గుమ్మం దగ్గరే, కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

ఎర్రర్‌లో 413, అంటే పంపింది సైజు హద్దు దాటిందన్న సంకేతం, కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఇంజిన్‌ఎక్స్‌లో క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ అనే హద్దు మనం ఏమీ రాయకపోతే 1 ఎంబీయే. దాన్ని కావలసినంత పెంచాలి, లేదా 0 రాసి హద్దే తీసేయాలి. మార్చాక ఇంజిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయాలి. ఒక ప్రాక్సీ వెనక ఇంకో ప్రాక్సీ ఉంటే రెండింటిలోనూ మార్చాలి, లేకపోతే తూము వెడల్పు చేసి కాలువ పూడిక వదిలేసినట్టే. సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ అనే ప్రాక్సీ సేవ ఉంటే దాని ఉచిత ప్లాన్‌లో ఒక్క రిక్వెస్ట్‌కు 100 ఎంబీ హద్దు. ఇంజిన్‌ఎక్స్‌లో ఎంత పెంచినా అది మారదు. గిట్ సర్వర్‌కు వేరే డొమైన్ పేరు పెట్టి, ఆ పేరును క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ గుండా పోనివ్వకుండా చూసుకోవాలి.

504, అంటే వెనక నుంచి జవాబు సమయానికి రాలేదన్న ఎర్రర్, వస్తే కథ వేరు. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా వచ్చిన ప్యాక్ అంతటినీ ముందు తన డిస్క్ మీద తాత్కాలిక ఫైలుగా రాసుకుని, ఆ తర్వాతే వెనక ఉన్న గిట్ సర్వర్‌కు అందిస్తుంది. పంపినవాళ్ల తెర మీద నూరు శాతం కనిపిస్తుంది, వెనక గిట్‌కు మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. 60 సెకన్లలో అక్కడి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ప్రాక్సీ_రీడ్_టైమౌట్ కత్తెర వేస్తుంది. ఆ టైమౌట్‌ను 600 సెకన్లకు పెంచాలి. దాంతోపాటు ప్రాక్సీ_రిక్వెస్ట్_బఫరింగ్‌ను ఆఫ్ చేస్తే ప్యాక్ ఆగకుండా నేరుగా వెనక్కి పోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. గిట్ పెద్ద ప్యాక్‌లను ముక్కలు ముక్కలుగా, అంటే చంక్‌డ్ పద్ధతిలో పంపుతుంది. ప్రాక్సీ_హెచ్‌టీటీపీ_వెర్షన్ 1.1 అని కూడా కాన్ఫిగ్‌లో రాయకపోతే, చాలా వెర్షన్లలో బఫరింగ్ ఆఫ్ అన్నా ఇంజిన్‌ఎక్స్ దాన్ని పట్టించుకోక డిస్క్ మీదే పోగేస్తుంది. ఆ డిస్క్ నిండితే 500 ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ కమాండ్‌తో /వార్ భాగంలో ఖాళీ ఎంతుందో చూడటం ఒక్క నిమిషం పని.

నేరం ప్రాక్సీదా, గిట్ సర్వర్‌దా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆఫీసు నెట్‌వర్క్ లోపలి నుంచి ప్రాక్సీని తప్పించి, గిటియా అయితే దాని 3000 పోర్ట్‌కు నేరుగా అదే పుష్ కొట్టి చూడాలి. ఎక్కితే సర్వర్‌లో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. ఎక్కకుండా 'ఇండెక్స్-ప్యాక్ ఫెయిల్డ్' అంటే సర్వర్ లాగ్‌లో ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రోగ్రామ్‌లను చంపేది) జాడ వెతకాలి. 1 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్‌లకు (అద్దె సర్వర్లకు) స్వాప్, అంటే డిస్క్ మీద పెట్టే అదనపు మెమరీ, లేకపోతే ఇది తరచూ జరుగుతుంది. 'ప్యాక్ ఎక్సీడ్స్ మ్యాగ్జిమమ్ అలౌడ్ సైజ్' అంటే సర్వర్ నడిపేవాళ్లు రిసీవ్.మ్యాక్స్‌ఇన్‌పుట్‌సైజ్‌తో కావాలనే హద్దు పెట్టారన్నమాట. వాళ్లను అడగడమే దారి.

ఇక అందరూ ముందుగా చెప్పే హెచ్‌టీటీపీ.పోస్ట్‌బఫర్ సంగతి. 500 ఎంబీకి పెంచు, అయిపోతుందని ఎక్కడ చూసినా అదే సలహా. మామూలుగా అది 1 ఎంబీ. ప్యాక్ అంతకు మించితే గిట్ చంక్‌డ్ పద్ధతికి మారుతుంది, పెంచితే ఆ పద్ధతి మానేసి మొత్తాన్ని మెమరీలో పోగేసి ఒక్క మూటగా పంపుతుంది. అంతకు మించి దాని వల్ల ఒరిగేది లేదు. చంక్‌డ్ పద్ధతి తెలియని పాత ప్రాక్సీ మధ్యలో ఉంటేనే అది మందు. చాలా పుష్ సమస్యలకు ఇది పనికిరాదని, మెమరీ వృథా అవుతుందని గిట్ డాక్యుమెంటేషన్ లోనే రాసి ఉంది. ర్యామ్ తక్కువ ఉన్న లాప్‌టాప్‌లో దీన్ని శాశ్వతంగా పెట్టుకోవడం కోరి తెచ్చుకున్న ఇబ్బంది. ఇదివరకే పెట్టుకుని ఉంటే అన్‌సెట్ చేయడం మంచిది.

తీసేసిన ఫైలు ఎందుకు అడ్డుపడుతోంది

100 ఎంబీ హద్దు తగిలిన వెంటనే ఎక్కువమంది చేసే పని ఆ ఫైలును డిలీట్ చేసి, కొత్త కమిట్ పెట్టి మళ్లీ పుష్ కొట్టడం. అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. గిట్ పాత కమిట్లలో ఉన్నదాన్ని కూడా పంపుతుంది, చరిత్రలో ఒక్కచోట ఉన్నా ఆ ఫైలు ప్యాక్‌లో ఉన్నట్టే. దాన్ని చరిత్రలోంచి పెరకాలి.

ఏం చేసినా ముందు ఆ పెద్ద ఫైలును రిపాజిటరీ (గిట్ చరిత్ర దాచే ప్రాజెక్టు ఫోల్డర్) బయట వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పి, తొందరలో కమిట్ కాని మార్పుల్ని చెరిపేసే రీసెట్ హార్డ్ కొట్టి, రోజుల తరబడి చేసిన పనిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పెద్ద ఫైలు చివరి కమిట్‌లోనే ఉండి ఇంకా పుష్ కాకపోతే, గిట్ ఆర్‌ఎమ్‌ను క్యాష్డ్ ఆప్షన్‌తో నడిపి గిట్ కమిట్ అమెండ్ చేస్తే చాలు. రెండు మూడు కమిట్ల వెనక ఉంటే ఆరిజిన్/మెయిన్ వరకు సాఫ్ట్ రీసెట్ చేసి, పెద్ద ఫైలును స్టేజ్ (కమిట్‌కు సిద్ధం చేసిన జాబితా) నుంచి తప్పించి, మిగిలినవాటిని మళ్లీ కమిట్ చేయాలి. గోటితో పోయే ఈ పనికి చరిత్ర అంతటినీ తిరగరాసే ఫిల్టర్-రిపో అనే గొడ్డలి అక్కర్లేదు.

ఫైలు పాతుకుపోయి ఉంటే మాత్రం ఆ గొడ్డలే కావాలి. గిట్ ఫిల్టర్-రిపోను పైథాన్ వారి పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. స్ట్రిప్-బ్లాబ్స్-బిగ్గర్-దాన్ అనే ఆప్షన్‌కు 100ఎమ్ అని ఇస్తే ఆ సైజు దాటినవన్నీ చరిత్ర అంతటి నుంచీ పోతాయి. ఇది అప్పుడే తీసుకున్న తాజా క్లోన్‌లోనే (రిపాజిటరీ పూర్తి నకలులోనే) నడుస్తుంది. పని అయ్యాక ఆరిజిన్ రిమోట్‌ను తీసేస్తుంది కాబట్టి దాన్ని మళ్లీ జోడించి ఫోర్స్ పుష్ చేయాలి. కమిట్ల సంఖ్యలన్నీ మారిపోతాయి. అందుకే జట్టులో ఉన్నవాళ్లందరికీ ముందే చెప్పి, వాళ్ల పని పుష్ చేయించి, ఆ తర్వాత అందరి చేతా కొత్తగా క్లోన్ చేయించాలి. ఒక్కరు పాత క్లోన్‌లో పుల్ కొట్టి మెర్జ్ చేసి పుష్ చేసినా, పీకేసిన ఫైలు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఎల్‌ఎఫ్‌ఎస్: సరిగ్గా వాడితేనే

పెద్ద ఫైలు రిపాజిటరీతో పాటే ఉండాలంటే 2015లో వచ్చిన గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (లార్జ్ ఫైల్ స్టోరేజ్) సరైన దారి. గిట్‌లో మూడు వరుసల చిన్న చీటీ మాత్రమే ఉంటుంది: వెర్షన్, ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 గుర్తు, సైజు. అసలు ఫైలు వేరే నిల్వకు పోతుంది. ఒక్కో ఫైలు విడిగా ఎక్కుతుంది కాబట్టి మధ్యలో తెగినా ఎక్కిన ఫైళ్లు మళ్లీ ఎక్కవు. నెట్ నిలకడ లేనిచోట ఇది పెద్ద ఊరట. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైలు ఒక్కోటి 2 జీబీ వరకు ఉండొచ్చు.

తప్పులు జరిగేది చిన్న చిన్న చోట్ల. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ట్రాక్ తర్వాత నక్షత్రం గుర్తుతో ఇచ్చే ఎక్స్‌టెన్షన్‌ను కోట్స్‌లో పెట్టకపోతే షెల్ దాన్ని విప్పి అప్పటికి ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల పేర్లే రాయిస్తుంది. రేపు వచ్చే ఫైలుకు అది వర్తించదు. డ్రోన్లు, కెమెరాలు చాలావరకు ఎక్స్‌టెన్షన్‌ను పెద్ద అక్షరాల్లో రాస్తాయి. లినక్స్‌లో చిన్న అక్షరాల టిఫ్, పెద్ద అక్షరాల టిఫ్ వేర్వేరు, రెండింటినీ ట్రాక్ చేయాలి. ఆ నియమాలు రాసుండే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలును కూడా కమిట్ చేయాలి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, కమిట్ అయిపోయాక ట్రాక్ చేయడం. అప్పటికే చరిత్రలో ఉన్న ఫైలును ట్రాక్ కమాండ్ ముట్టుకోదు. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ మైగ్రేట్ ఇంపోర్ట్‌ను ఎవ్రీథింగ్ ఆప్షన్‌తో నడిపి చరిత్రను మార్చాలి. ఇదీ కమిట్ సంఖ్యల్ని మార్చే పనే, పై జాగ్రత్తలన్నీ దీనికీ ఉన్నాయి.

ఎస్‌ఎస్‌హెచ్‌తో గిట్ పుష్ బాగానే పోతోంది, ఎల్‌ఎఫ్‌ఎస్ మాత్రం 413 అంటోంది అన్నది వింతగా అనిపించే ఇంకో చిక్కు. రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ అయినా చాలా సర్వర్లలో ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తాయి. ఆ దారిలో ఇంజిన్‌ఎక్స్, క్లౌడ్‌ఫ్లేర్ హద్దులు అలాగే ఉంటాయి, పైగా ఫైలు అంతా ఒకే రిక్వెస్ట్. ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గిట్ ముందు సర్వర్‌తో కనెక్షన్ తెరిచి, ఆ తర్వాత ప్రీ-పుష్ హుక్ నడుపుతుంది. ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు ఎక్కేది ఆ హుక్‌లోనే. అవి ఎక్కడానికి అరగంట పడితే తెరిచిన కనెక్షన్ ఖాళీగా ఉండి తెగిపోతుంది. ముందు గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పుష్ ఆరిజిన్ మెయిన్ అని ఫైళ్లను మాత్రమే ఎక్కించి, అది ముగిశాక మామూలు పుష్ కొడితే రెండోది క్షణాల్లో అయిపోతుంది.

అవతలివాళ్లు ఫొటో తెరిస్తే పాడైందంటోంది, సైజు చూస్తే 130 బైట్లకు అటూ ఇటూ ఉంది అంటే ఫైలు పాడవలేదు. వాళ్ల మెషీన్‌లో ఎల్‌ఎఫ్‌ఎస్ లేక చీటీ మాత్రమే దిగింది. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్టాల్, ఆ తర్వాత గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ పుల్ చేస్తే అసలు ఫైలు వస్తుంది. నిల్వ లెక్కలో ప్రతి వెర్షనూ పూర్తి సైజుతో చేరుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 300 ఎంబీ పటం ఐదు వెర్షన్లు కమిట్ అయితే 1.5 జీబీ.

ఇన్ని పాట్లు ఎందుకు, ఆ ఫైలు వెర్షన్ కంట్రోల్‌లో ఉండాలా అన్నది నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న. మారని డేటాసెట్‌కు, బిల్డ్‌లో పుట్టే ఫైళ్లకు అక్కడ చోటు అక్కర్లేదు. గిట్‌హబ్ రిలీజ్‌లో 2 జీబీ లోపు ఫైళ్లను జోడించవచ్చు. రిపాజిటరీలో దాని లింకు, ఎస్‌హెచ్‌ఏ256 గుర్తు రాస్తే చాలు. పొరపాటున పెద్దది కమిట్ కాకుండా ప్రీ-కమిట్ టూల్‌లో చెక్-యాడెడ్-లార్జ్-ఫైల్స్ అనే హుక్ ఉంది. మామూలుగా 500 కేబీ దాటితే ఆపుతుంది, హద్దు మార్చుకోవచ్చు.

గిట్‌కు బదులు సబ్‌వెర్షన్ అనే సాధనం వాడే ఆఫీసుల్లో ఫొటోల్లాంటి బైనరీ ఫైళ్ల పోరు తక్కువే. కమిట్ ఆగితే దాన్ని నడిపే అపాచీ వెబ్ సర్వర్‌లో లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ అనే హద్దు చూడాలి. 2.4.53 వరకు దానికి హద్దు లేదు, ఆ తర్వాతి వెర్షన్లలో 1 జీబీ. అపాచీని అప్‌గ్రేడ్ చేసిన మర్నాటి నుంచి కమిట్లు 413తో ఆగుతున్నాయంటే చూడాల్సింది ఇదే. ఇలాంటిదే మరో సాధనం మెర్క్యూరియల్ 10 ఎంబీ దాటిన ఫైలును చేర్చేటప్పుడే మెమరీ ఎంత పడుతుందో హెచ్చరిస్తుంది, దానికి లార్జ్‌ఫైల్స్ ఎక్స్‌టెన్షన్ ఉంది.

లైన్ చాలనప్పుడు

పాత చరిత్ర అంతా కలిపి 50 జీబీ ఉందనుకుందాం. 5 ఎంబీపీఎస్ మీద అది ఎక్కడానికి 22 గంటలు పైనే, అదీ ఎక్కడా తెగకపోతే. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. గిట్ బండిల్ క్రియేట్ కమాండ్‌తో, ఆల్ ఆప్షన్ ఇచ్చి, రిపాజిటరీ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సులో తీసుకెళ్తే పూటలో పని అవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోవాలి. ఎల్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు బండిల్‌లోకి రావు. గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్‌ను ఆల్ ఆప్షన్‌తో నడిపి, డాట్ గిట్ లోపలి ఎల్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌ను విడిగా కాపీ చేయాలి. సర్వర్ సొంతదైతే ప్రయాణమూ అక్కర్లేదు. బండిల్‌ను ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో, పార్షియల్ ఆప్షన్ ఇచ్చి పంపితే కరెంటు పోయినా ఆగినచోట నుంచి అందుకుంటుంది. చేరాక సర్వర్‌లోని బేర్ రిపాజిటరీలో (గిట్ డేటా మాత్రమే ఉండే ఫోల్డర్‌లో) నిలబడి ముందు గిట్ బండిల్ వెరిఫై, అది సరే అంటే బ్రాంచీలన్నీ దిగేలా 'రెఫ్స్/*:రెఫ్స్/*' జోడించి బండిల్ ఫైలు నుంచి గిట్ ఫెచ్. అక్కడి నుంచి రోజువారీ పుష్‌లు కొత్త కమిట్ల బరువే మోస్తాయి.